ఎక్లిప్స్ లేకుండా కమాండ్ ప్రాంప్ట్‌లోనే జేయూనిట్ టెస్టులు నడిపేదెట్లా?

బత్తాయి_తోట

అన్నలూ, అక్కలూ, నాది బీటెక్ ఫైనల్ ఇయర్, కాలేజీ నల్గొండ పక్కనే. ఊర్లవారీగా బోరు నీళ్ల శాంపిల్ రీడింగులు తీసుకుని, ఫ్లోరైడ్ ఎంతుందో చూసి, తాగొచ్చా వద్దా అని చెప్పే చిన్న జావా ప్రోగ్రాం నా ప్రాజెక్టు. మన జిల్లాలో ఫ్లోరైడ్ అంటే ఎవరికీ కొత్తగా చెప్పాల్సింది లేదు, మర్రిగూడ, నాంపల్లి వైపు వాళ్లకైతే అసలే లేదు.

ప్రోగ్రాం నడుస్తోంది. గైడ్ సార్ యూనిట్ టెస్టులు (కోడ్‌లో ఒక్కో ముక్క సరిగ్గా పనిచేస్తుందో చూసే చిన్న పరీక్షలు) కూడా రాసి చూపించమన్నారు, జేయూనిట్ అనే జావా టెస్టు లైబ్రరీతో రాశాను, కోడ్ రాసి నడిపే ఎక్లిప్స్‌లో అన్నీ పచ్చగా వస్తున్నాయి. అయితే నా లాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీ. ఎక్లిప్స్, క్రోమ్ రెండూ తెరిస్తే ఫ్యాన్ సౌండ్ తప్ప ఏమీ వినపడదు. పైగా రివ్యూ రోజు ల్యాబ్ సిస్టమ్ మీదే చూపించాలి. అందులో ఎక్లిప్స్ లేదు, ఇంటర్నెట్ లేదు, జేడీకే (జావా కంపైల్ చేసి నడిపే కిట్) ఒక్కటే ఉంది. అందుకే కమాండ్ లైన్‌లో నేర్చుకుందామని కూర్చున్నా.

ముందు ఉత్త జావాసీ (జావా కంపైలర్ కమాండ్) కొడితే 'ప్యాకేజ్ ఆర్గ్.జేయూనిట్ డజ్ నాట్ ఎగ్జిస్ట్' అన్నది. నెట్‌లో చూసి జేయూనిట్-4.13.2 జార్ ఫైలు (తయారైన క్లాసులు మూటకట్టిన ఫైలు) తెచ్చి, క్లాస్‌పాత్ చెప్పే -సీపీ పెట్టాను, కంపైల్ అయింది. నడిపితే 'నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్, ఆర్గ్/హామ్‌క్రెస్ట్/సెల్ఫ్‌డిస్క్రైబింగ్' అని వచ్చింది. నా కోడ్‌లో హామ్‌క్రెస్ట్ అనే మాటే లేదు, ఇదెక్కడి నుంచి వచ్చిందో అర్థం కాలేదు. ఆ జార్ కూడా తెచ్చి పెడితే ఇప్పుడు 'కుడ్ నాట్ ఫైండ్ క్లాస్' అంటోంది, ఫైలేమో నా కళ్ల ముందే ఉంది. ఇంకో విషయం, సీఎండీలో ఒక ఎర్రర్ వస్తే అదే కమాండ్‌కి పవర్‌షెల్‌లో వేరే ఎర్రర్ వస్తోంది. విండోస్ 10, జేడీకే 17. ల్యాబ్‌లో జేడీకే 8 అనుకుంటా.

రివ్యూ సోమవారమే. కొంచెం టెన్షన్‌గా ఉంది, ఎవరైనా మొదటి నుంచి చెప్పగలరా?

పాలమూరు_బిట్స్

తమ్మీ, టెన్షన్ పడేంత విషయం కాదు, నీ మూడు ఎర్రర్లూ ఒకే ఇంటి పిల్లలు, అన్నీ క్లాస్‌పాత్‌వే, అంటే జావా క్లాసుల కోసం వెతికే చోట్ల లిస్టువే. నేను ఫోన్‌లో తెలుగు కీబోర్డు మీద కొడుతున్నా, కమాండ్లు కూడా తెలుగు అక్షరాల్లోనే పడతాయి, నువ్వు ఇంగ్లిష్‌లో కొట్టుకో. అక్షరాలే మారుతాయి, డ్యాష్‌లు, చుక్కలు, కొటేషన్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉండాలి.

ముందు హామ్‌క్రెస్ట్ సంగతి. అది ఇంకో లైబ్రరీ, నువ్వు వాడకపోయినా జేయూనిట్ 4 లోపల వాడుతుంది. పాత రోజుల్లో జేయూనిట్ జార్‌లోనే దాన్ని కలిపి ఇచ్చేవాళ్లు, 4.11 నుంచి ఆ జార్‌లో కలపడం మానేశారు. మావెన్ (జార్లు దించి, కంపైల్ చేసి, టెస్టులు నడిపే టూల్) వాడేవాళ్లకు అదే వెనకాల దించుకుంటుంది కాబట్టి తెలియదు, చేత్తో జార్ తెచ్చుకునే నీలాంటి వాళ్లకే ఈ ఎర్రర్. హామ్‌క్రెస్ట్-కోర్-1.3 జార్ చాలు. రెండు జార్లూ లిబ్ అని ఒక ఫోల్డర్‌లో పెట్టు.

ఇక 'కుడ్ నాట్ ఫైండ్ క్లాస్'. నీ టెస్ట్ ఫైలు మొదటి లైన్‌లో ప్యాకేజ్ నీరు అని ఉందనుకుందాం. నువ్వు పనిగట్టుకుని నీరు ఫోల్డర్ లోపలికి వెళ్లి, అక్కడ నిలబడి ఫ్లోరైడ్‌లెవెల్‌టెస్ట్ అని ఒట్టి పేరు ఇస్తున్నావు, అవునా? క్లాస్‌పాత్ అంటే బస్సు దిగే స్టాండు, ప్యాకేజీ పేరు అంటే అక్కడి నుంచి ఇంటికి దారి. నువ్వు గుమ్మం ముందే దిగి మళ్లీ దారి అడిగితే జావాకు ఏం చెప్పాలో తెలియదు. ఎప్పుడూ ప్రాజెక్ట్ పై ఫోల్డర్‌లోనే నిలబడు, లోపలికి సీడీ కొట్టకు. కమాండ్లు ఇవీ:

జావాసీ -డీ అవుట్ -సీపీ "లిబ్/*" సోర్స్/నీరు/*.జావా టెస్ట్/నీరు/*.జావా

జావా -సీపీ "అవుట్;లిబ్/*" ఆర్గ్.జేయూనిట్.రన్నర్.జేయూనిట్‌కోర్ నీరు.ఫ్లోరైడ్‌లెవెల్‌టెస్ట్

మొదటి దాంట్లో -డీ అవుట్ అంటే తయారైన క్లాస్ ఫైళ్లన్నీ అవుట్ ఫోల్డర్‌లో ప్యాకేజీ ప్రకారం సర్దు అని. సోర్స్ ఫైళ్ల పక్కనే క్లాస్ ఫైళ్లు కుప్ప పడితే తర్వాత తుడుచుకోవడం తలనొప్పి. జేడీకే 17 అయితే అవుట్ ఫోల్డర్ లేకపోతే అదే చేసుకుంటుంది, జేడీకే 8 చేసుకోదు, 'డైరెక్టరీ నాట్ ఫౌండ్' అంటుంది. ల్యాబ్‌లో ముందే ఎమ్‌కేడిర్ అవుట్ కొట్టు.

రెండో దాంట్లో చివరి మాట క్లాస్ పేరు, ఫైలు పేరు కాదు. మధ్యలో స్లాష్ కాదు చుక్క, చివర .క్లాస్ ఉండకూడదు, .జావా ఉండకూడదు. సగం మంది ఇక్కడే ఆగుతారు.

లిబ్/* అని నక్షత్రం పెడితే ఆ ఫోల్డర్‌లోని జార్లన్నీ తీసుకుంటుంది. లిబ్/*.జార్ అని పెడితే మాత్రం పనిచేయదు, అది జావాకు తెలిసిన రాత కాదు. కొటేషన్లు వదలకు. నీ పవర్‌షెల్ గోల కూడా అదే: పవర్‌షెల్‌కు సెమీకోలన్ అంటే ఒక కమాండ్ ముగిసిందని అర్థం, కొటేషన్ లేకపోతే అక్కడే తెంపేసి మిగతా ముక్కను ఇంకో కమాండ్ అనుకుని నడపబోతుంది. సీఎండీకి ఆ పట్టింపు లేదు. లినక్స్‌లో, మ్యాక్‌లో జార్ల మధ్య సెమీకోలన్ బదులు కోలన్ పెట్టాలి, నెట్‌లో కాపీ కొట్టే కమాండ్లు సగం లినక్స్ వాళ్లవే కాబట్టి ఇది చూసుకో.

నడిచాక ఒక్కో టెస్టుకు ఒక్కో చుక్క పడుతుంది. ఫెయిలైన దాని చుక్క పక్కన ఈ అనే ఇంగ్లిష్ అక్షరం, ఇగ్నోర్ చేసిన దానికి ఐ. అన్నీ పాసైతే చివర ఓకే అని బ్రాకెట్‌లో ఎన్ని టెస్టులో చూపిస్తుంది.

మూసీ_కాలువ

ఇవన్నీ ఎందుకు భయ్యా, 2006లో వచ్చిన జేయూనిట్ 4ను పట్టుకుని, జార్లు చేత్తో మోసుకుంటూ. మావెన్ పెట్టుకుని ఎమ్‌వీఎన్ టెస్ట్ కొడితే అయిపోయే పని. కంపెనీకి వెళ్లాక జావాసీ చేత్తో కొట్టేవాడు ఒక్కడు కూడా కనపడడు. ఒక్క టెస్టే నడపాలంటే -డీటెస్ట్=ఫ్లోరైడ్‌లెవెల్‌టెస్ట్ (ఇక్కడ డీ పెద్దక్షరం), అందులో ఒక్క మెథడే కావాలంటే దాని పక్కన హ్యాష్ పెట్టి మెథడ్ పేరు. రిపోర్టు టార్గెట్ ఫోల్డర్‌లో ష్యూర్‌ఫైర్-రిపోర్ట్స్ కింద దొరుకుతుంది, గైడ్‌కు ప్రింట్ తీసి ఇవ్వొచ్చు.

ఒక్కటి గుర్తుపెట్టుకో తమ్ముడూ, మావెన్‌లో టెస్టు క్లాస్ పేరు టెస్ట్ అని మొదలవ్వాలి, లేదా టెస్ట్, టెస్ట్స్, టెస్ట్‌కేస్ అని ముగియాలి. 'నీళ్లచెక్' లాంటి పేరు పెడితే కంపైల్ అవుతుంది కానీ నడపదు, ఎర్రర్ కూడా ఇవ్వదు, బిల్డ్ సక్సెస్ అని పచ్చగా చూపించి ఊరుకుంటుంది. పాత మావెన్ మీద జేయూనిట్ 5 పెట్టినా అదే కథ, మావెన్‌లో టెస్టులు నడిపేది ష్యూర్‌ఫైర్ ప్లగిన్, పాత దానికి జేయూనిట్ 5 అంటే ఏంటో తెలియదు, టెస్ట్స్ రన్ 0 అంటుంది. పామ్ ఫైలులో (మావెన్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్ ఉండే ఫైలు) ష్యూర్‌ఫైర్ 2.22.0 గానీ ఆపైది గానీ రాసుకో.

పాలమూరు_బిట్స్

మూసీ భయ్యా, కంపెనీలో మావెనే, కాదనను, నేనూ పొద్దున లేస్తే అదే కొడతా. కానీ తమ్ముడు ఏం రాశాడో మళ్లీ చదువు. ల్యాబ్‌లో నెట్ లేదు. నెట్ లేని సిస్టమ్‌లో మావెన్ మొదటిసారి కొడితే ఒక్క ప్లగిన్ కూడా దిగదు, ఎర్ర అక్షరాలు చూసుకుంటూ ఎగ్జామినర్ ముందు నిలబడాలి.

మావెనే కావాలంటే ఇంట్లో నెట్ ఉన్నచోట అదే ప్రాజెక్ట్ మీద ఎమ్‌వీఎన్ టెస్ట్ పూర్తిగా ఒకసారి నడిపి, యూజర్ ఫోల్డర్‌లో ఉండే .ఎమ్2 ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, ల్యాబ్ సిస్టమ్‌లో అదే చోట పెట్టి, -ఓ అని ఆఫ్‌లైన్ ఆప్షన్‌తో నడపాలి. డిపెండెన్సీ:గో-ఆఫ్‌లైన్ కొడితే చాలు అని అంటారు, దాన్ని నమ్ముకోకు. ష్యూర్‌ఫైర్ తన జేయూనిట్ ప్రొవైడర్‌ను టెస్టులు నడిపేటప్పుడే దించుకుంటుంది, గో-ఆఫ్‌లైన్‌కు అది తగలకపోవచ్చు. అందుకే టెస్టులు నిజంగా నడిపి చూశాకే కాపీ చేసుకోమంటున్నా. మావెన్ కూడా జిప్ రూపంలో మోసుకెళ్లాలి, ల్యాబ్‌లో ఉండదు కదా.

సోమవారం రివ్యూ ఉన్న పిల్లాడికి రెండు జార్లు, రెండు కమాండ్లు చాలు అంటాను. మావెన్ ఆ తర్వాత నేర్చుకోవచ్చు. పైగా వైవాలో 'క్లాస్‌పాత్ అంటే ఏంటి' అని అడిగితే మావెన్ వచ్చి జవాబు చెప్పదు.

మూసీ_కాలువ

నెట్ లేదన్న ముక్క నేను చూడలేదు, అయితే సరే. కానీ ఆ జేయూనిట్ 4 మాత్రం మార్చమంటాను. జేయూనిట్ 5కు కన్సోల్-స్టాండ్‌అలోన్ అని ఒకే జార్ వస్తుంది, హామ్‌క్రెస్ట్ గోల లేదు, క్లాస్ పేర్లు ఒక్కొక్కటీ రాయనక్కర్లేదు, --స్కాన్-క్లాస్-పాత్ అంటే అదే వెతుక్కుంటుంది.

పాలమూరు_బిట్స్

మంచి జారే, అయితే రెండు తిరకాసులు. జావా -జార్ అని నడిపినప్పుడు జావా మన -సీపీని అసలు పట్టించుకోదు, అవుట్ ఫోల్డర్‌ను జార్ పేరు తర్వాత --క్లాస్-పాత్ అని విడిగా ఇవ్వాలి. కొత్త వెర్షన్లలో జార్ పేరు పక్కన ఎగ్జిక్యూట్ అనే మాట కూడా రాయాలి. ఇక ఇంపోర్ట్ లైన్లు మారాలి. ఆర్గ్.జేయూనిట్.టెస్ట్ అని ఉన్నది ఆర్గ్.జేయూనిట్.జూపిటర్.ఏపీఐ.టెస్ట్ అవ్వాలి. మెసేజ్ రాసిన అసర్ట్‌లలో (విలువ సరిపోయిందా అని చూసే లైన్లలో) మెసేజ్ స్థానం కూడా మారుతుంది, 4లో మొదట రాస్తాం, 5లో చివర. రాసి ఉన్నవన్నీ ఇప్పుడు తిరగరాసుకోవడం దేనికి, రివ్యూ అయ్యాక చేసుకో తమ్మీ.

బత్తాయి_తోట

అన్నా, నడిచింది! పై ఫోల్డర్‌లో నిలబడి కొట్టాను, చుక్కలు వరసగా పడ్డాయి, ఎక్లిప్స్ తెరుచుకునే లోపల ఇది పది సార్లు నడుస్తుంది. ఇద్దరికీ థాంక్స్.

ఇప్పుడు కొత్త చిక్కు. ఊర్ల పేర్లు తెలుగులో ఉన్నాయి నా కోడ్‌లో, ఎందుకంటే రిపోర్టు తెలుగులో రావాలి. ఎక్లిప్స్‌లో పాసైన టెస్టు ఇక్కడ ఫెయిల్ అవుతోంది. దేవరకొండ పేరు పొడవు చూసే టెస్టు ఒకటి ఉంది, రిపోర్టులో కాలమ్ సర్దడానికి. అందులో 8 రావాలి, '8 ఎక్స్‌పెక్టెడ్, బట్ వజ్ 24' అంటోంది. సరేలే అని దానికి తోడు నల్గొండ పేరు కూడా చేర్చి చూస్తే అసలు కంపైలే కావట్లేదు, 'అన్‌మ్యాపబుల్ క్యారెక్టర్ 0ఎక్స్8డీ' అని ఏదో అంటోంది. దేవరకొండకు లేని రోగం నల్గొండకు ఎందుకు వచ్చిందో దేవుడికే తెలియాలి.

కోయిల్‌సాగర్

ఇది చదివి నవ్వాగలేదు, సారీ తమ్ముడు, కానీ చాలా మంచి ప్రశ్న. ఇలాంటిది తెలుగులో కోడ్ రాసేవాళ్లకే తగులుతుంది.

మందు ముందు చెప్పేస్తా: జావాసీ కమాండ్‌లో -ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చేర్చు. రెండూ పోతాయి.

ఇప్పుడు ఎందుకో. ఎన్‌కోడింగ్ అంటే అక్షరాలను ఫైలులో బైట్లుగా రాసుకునే పద్ధతి. నీ ఫైలు యూటీఎఫ్-8లో సేవ్ అయి ఉంది. అందులో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. ఎక్లిప్స్‌లో ప్రాజెక్టు ఎన్‌కోడింగ్ సరిగ్గా ఉంది కాబట్టి చదువుకుంది. జేడీకే 17 జావాసీ మాత్రం, ఏమీ చెప్పకపోతే, విండోస్ ఏ ఎన్‌కోడింగ్ అంటే అదే అనుకుంటుంది, మన దగ్గర మామూలుగా అది విండోస్-1252. అందులో ఒక బైటే ఒక అక్షరం. దేవరకొండలో ద, ఏత్వం, వ, ర, క, ఒత్వం, సున్న, డ, మొత్తం ఎనిమిది గుర్తులు, మూడేసి బైట్లు, 24 చెత్త అక్షరాలు అయ్యాయి. నీ టెస్టు చెప్పింది అక్షరాలా నిజం.

మరి నల్గొండ? అందులో ల కింద గ వత్తు ఉంది. వత్తు రావాలంటే మధ్యలో పొల్లు గుర్తు ఉండాలి, కంటికి కనపడదు కానీ ఫైలులో ఉంటుంది. ఆ పొల్లు మూడు బైట్లలో చివరిది 8డీ. విండోస్-1252 పట్టికలో 8డీ గడి ఖాళీ, అక్కడ ఏ అక్షరమూ లేదు. అందుకే జావాసీ అక్కడే ఆగిపోయింది. దేవరకొండలో వత్తు లేదు, ఖాళీ గడి తగల్లేదు, గప్‌చుప్‌గా చెత్తగా మారి లోపలికి వెళ్లిపోయింది. చండూరు రాసి చూడు, వత్తు లేకపోయినా ఆగుతుంది, ఎందుకంటే ఉకారం కొమ్ము చివరి బైటు 81, అదీ ఖాళీ గడే. నన్నడిగితే కంపైల్ ఆగిపోవడమే మేలు, దేవరకొండ కేసే ప్రమాదం. ఆ పొడవు టెస్టు లేకపోతే నువ్వు రిపోర్టు ప్రింట్ తీసేదాకా తెలిసేది కాదు.

జేడీకే 18 నుంచి డిఫాల్టే యూటీఎఫ్-8 చేశారు, ఈ బాధ లేదు. నీ 17కు, ల్యాబ్‌లో 8కి ఆ ఆప్షన్ తప్పనిసరి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 విత్ బామ్ అనేది ఎంచుకోకు, ఫైలు మొదట్లో కనపడని గుర్తు పెడుతుంది, జావాసీ 'ఇల్లీగల్ క్యారెక్టర్' అంటుంది.

ఇంకో మాట. ఎన్‌కోడింగ్ సరిచేశాక నల్గొండ పొడవు 7 వస్తుంది, కంటికి కనపడేవి న, ల్గొం, డ మూడే. పొడవు చూసి కాలమ్ సర్దితే తెలుగులో ఎప్పుడూ వంకరే వస్తుంది. టెస్టు పాసైనా రిపోర్టు వంకరే. ఆ లెంగ్త్‌ను నమ్ముకుని సర్దడం మానెయ్, హెచ్‌టీఎమ్ఎల్ టేబుల్‌లో పెట్టెయ్.

ల్యాబ్_అక్క

నేను ల్యాబ్‌లో జావా చెప్తాను, మీది కాదులే, ఇంకో చోట. కమాండ్లు అన్నలు బాగా చెప్పారు, నేను టెస్టుల గురించి చెప్తా. ఎందుకంటే రివ్యూలో ఎగ్జామినర్ చుక్కలు చూడడు, 'ఏం పరీక్షించావు' అని అడుగుతాడు.

బాబూ, తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే నీటి వనరు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. డబ్ల్యూహెచ్ఓ చెప్పేదీ 1.5. పిల్లలు ఎప్పుడూ 0.5కు ఒకటి, 3.0కు ఒకటి రాసి టెస్టులు అయిపోయాయంటారు. ఆ రెండూ ఎవరు రాసినా పాసవుతాయి. సరిగ్గా 1.0కు ఏం చెప్తుంది, సరిగ్గా 1.5కు ఏం చెప్తుంది, 1.51కి ఏం చెప్తుంది, అక్కడ నీ ఇఫ్‌లో లెస్ దాన్ రాశావా, లెస్ దాన్ ఆర్ ఈక్వల్ రాశావా అన్నది బయటపడుతుంది. మైనస్ రీడింగ్ వస్తే ఎక్సెప్షన్ విసరాలి, 4.13లో అసర్ట్‌త్రోస్ ఉంది, వాడు.

రీడింగులు డబుల్‌లో (దశాంశ సంఖ్యల టైపు) పెట్టి ఉంటావు. సగటు తీసే మెథడ్‌కు అసర్ట్‌ఈక్వల్స్ రాసేటప్పుడు మూడో నంబరు, డెల్టా, అంటే ఎంత తేడా దాకా పర్వాలేదో, ఇవ్వు. 0.1, 0.2 కలిపితే జావాలో 0.30000000000000004 వస్తుంది. జేయూనిట్ 4లో రెండు డబుల్స్ మాత్రమే ఇస్తే రెండూ సమానమైనా ఫెయిలే చేస్తుంది, డెల్టా ఇవ్వమని మెసేజ్ పెడుతుంది. మొదటి స్థానంలో రావాల్సిన విలువ, రెండో దాంట్లో వచ్చిన విలువ. తిరగేస్తే ఎర్రర్ మెసేజ్ తిరగబడి చదువుతావు.

జేయూనిట్ 4లో టెస్ట్ క్లాస్, మెథడ్ రెండూ పబ్లిక్ ఉండాలి, మెథడ్ వాయిడ్ ఉండాలి. 5 కోసం రాసిన ఉదాహరణలు చూసి పబ్లిక్ తీసేస్తే ఇనిషియలైజేషన్‌ఎర్రర్ అని వస్తుంది.

పక్క మాట, ప్రాజెక్ట్ ఫ్లోరైడ్ మీద, కాలేజీ నల్గొండ పక్కన. ఎగ్జామినర్ నల్గొండ టెక్నిక్ గురించి అడగకుండా వదలడు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్ల పద్ధతి, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించడం. రెండు ముక్కలు చదువుకుని వెళ్లు.

బత్తాయి_తోట

మేడం, 1.5 టెస్టు రాయగానే ఫెయిలైంది, లెస్ దాన్ అనే రాశాను. సరిచేశా. కోయిల్‌సాగర్ అన్నా, -ఎన్‌కోడింగ్ పెట్టగానే రెండూ పోయాయి, చండూరు మీద కూడా ప్రయత్నించి చూశా, మీరన్నట్టే ఆప్షన్ లేకుండా ఆగింది.

ఇంట్లో 17తో చేసిన క్లాస్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ల్యాబ్‌కు తీసుకెళ్తే నడుస్తాయా, అక్కడ మళ్లీ కంపైల్ చేయాలా? రోజూ రెండు కమాండ్లు కొట్టడం కూడా విసుగ్గా ఉంది.

పాలమూరు_బిట్స్

అట్లాగే తీసుకెళ్తే నడవవు. 'అన్‌సపోర్టెడ్‌క్లాస్‌వెర్షన్‌ఎర్రర్' వస్తుంది, క్లాస్ ఫైల్ వెర్షన్ 61, నాకు 52 దాకే తెలుసు అంటుంది. 61 అంటే జావా 17, 52 అంటే జావా 8. అక్కడే మళ్లీ కంపైల్ చేయడం మంచిది. కోడ్ 8లో నడుస్తుందో లేదో ఇంట్లోనే తెలియాలంటే జావాసీకి --రిలీజ్ 8 అని పెట్టి కంపైల్ చెయ్, లిస్ట్.ఆఫ్ లాంటివి వాడి ఉంటే ఇంట్లోనే పట్టేస్తుంది. ల్యాబ్‌లో మాత్రం అది తీసెయ్, 8కి ఆ ఆప్షన్ తెలియదు. వెళ్లగానే జావా -వెర్షన్, జావాసీ -వెర్షన్ రెండూ కొట్టి చూడు, ఒక్కోసారి రెండూ వేర్వేరు ఉంటాయి. తేడా వస్తే వేర్ జావా అని కొడితే ఏ ఫోల్డర్ నుంచి వస్తోందో చూపిస్తుంది.

విసుగు సంగతికి, రెండు కమాండ్లూ టెస్ట్‌రన్.బ్యాట్ అనే ఫైలులో పెట్టు. కానీ ఒకదాని కింద ఒకటి రాసి ఊరుకోకు. జావాసీ ఫెయిలైనా బ్యాట్ ఫైలు ఆగదు, కింద లైనుకు వెళ్లి అవుట్‌లో ఉన్న నిన్నటి క్లాస్ ఫైళ్లను నడిపి ఓకే చూపిస్తుంది. కోడ్ విరిగి ఉంటుంది, టెస్టు పాస్ అంటుంది. జావాసీ లైను కింద ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1 ఎగ్జిట్ /బీ 1 అని ఒక లైను పెట్టు.

టెస్టులు నడిచాక కూడా అదే లెక్క. జేయూనిట్‌కోర్ అన్నీ పాసైతే 0తో, ఏదైనా ఫెయిలైతే 1తో బయటికి వస్తుంది, ఎకో %ఎర్రర్‌లెవెల్% కొడితే కనపడుతుంది. గిట్ వాడుతుంటే ఈ అంకె మీదే ప్రీ-పుష్ హుక్ కట్టుకోవచ్చు, టెస్టు ఫెయిలైతే పుష్ కానివ్వదు.

బత్తాయి_తోట

అన్నా, చివరిది. మేడం చెప్పాక టెస్ట్ క్లాస్ పేరు మార్చి కొత్త ఫైలులో బౌండరీ టెస్టులు రాశా. బ్యాట్ నడిపితే పాత లెక్కే వస్తోంది, కొత్త టెస్టులు ఒక్కటీ లెక్కలోకి రాలేదు. కంపైల్ ఎర్రర్ ఏమీ లేదు.

కోయిల్‌సాగర్

బ్యాట్ ఫైలు చివర ఇంకా పాత క్లాస్ పేరే ఉంది కదా. పేరు మార్చినా పాత .క్లాస్ ఫైలు అవుట్‌లోనే కూర్చుని ఉంటుంది, జావాసీ కొత్తవి రాస్తుంది తప్ప పాతవి తీసెయ్యదు. జేయూనిట్‌కోర్‌కు అది దొరికింది, నడిపేసింది. బ్యాట్‌లో పేరు మార్చు, పై రెండు లైన్లుగా ఆర్‌ఎమ్‌డిర్ /ఎస్ /క్యూ అవుట్, దాని కింద ఎమ్‌కేడిర్ అవుట్ పెట్టు. ప్రతిసారీ ఖాళీ ఫోల్డర్‌తో మొదలవుతుంది, ల్యాబ్‌లో జేడీకే 8కి కావాల్సిన ఫోల్డర్ కూడా అదే తయారవుతుంది. రెండు టెస్ట్ క్లాసులు ఉంటే పేర్లు పక్కపక్కన స్పేస్ ఇచ్చి రాయి, జేయూనిట్‌కోర్ రెండూ నడుపుతుంది.

బత్తాయి_తోట

వచ్చింది అన్నా, కొత్తవి పాతవి కలిపి ఓకే 11 టెస్ట్స్. ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నా, రేపు పొద్దున ల్యాబ్ తెరవగానే ముందు జావాసీ -వెర్షన్ కొడతా.